కడలి ఒడ్డున మజిలీ

సెలవులు దగ్గరపడగానే మన ఇళ్ళలో రెండు ప్రశ్నలు పుట్టుకొస్తవి. ఎక్కడికి వెళ్ళాలి అన్నది మొదటిది. దానికి జవాబు సులభంగానే దొరుకుతుంది. పిల్లలు సముద్రమంటారు, పెద్దలు సరేనంటారు. ఎక్కడ దిగాలి అన్నది రెండవది. ఇక్కడనే ఇల్లు రెండు పక్షాలుగా చీలుతుంది. అలలు కిటికీలోకి కనబడాలని ఒకరు, మంచినీళ్ళు దగ్గరగా ఉండాలని మరొకరు. ఈ తగవు మన తరంలో పుట్టింది కాదు. తెలుగువారు దారిలో ఎక్కడ ఆగినారు, ఎక్కడ ఆగకూడదనుకున్నారు, ఎందుకనుకున్నారు అన్నదానికి ఒక చరిత్ర ఉన్నది. ఆ చరిత్రను యారాడ ఒడ్డున కూర్చుని తలచుకుంటే బాగా అర్థమవుతుందని మా అనుభవం.

విశాఖపట్టణం రేవుకు దక్షిణంగా డాల్ఫిన్స్ నోస్ అని పిలిచే కొండకొమ్ము సముద్రంలోకి చొచ్చుకొని ఉన్నది. దానికి ఆవలి వైపున ఉన్న గ్రామం యారాడ. మూడు దిక్కులా కొండలు, నాలుగవ దిక్కున బంగాళాఖాతం. భూగోళ శాస్త్రం దానిని దీవి అనదు. అయినా సింధియా వైపునుంచి కొండ ఎక్కి, మలుపులు తిరిగి దిగినవారికి ఒక దీవిలో అడుగు పెట్టినట్టే ఉంటుంది. పట్నపు చప్పుడు కొండకు ఆవల ఆగిపోతుంది. ఇవతల కొబ్బరిచెట్లు, ఇసుక, తెప్పలు, అలల మోత. ఉష్ణమండలపు దీవులను చూడడానికి సముద్రాలు దాటి వెళ్ళేవారు కోరుకునేది చాలా వరకు ఇదే గదా!

దారిలో బస అనేది మనకు క్రొత్త కాదు. ఓరుగల్లు నగర వీథులను వర్ణించిన క్రీడాభిరామంలో పూటకూళ్ళ ఇంటి ప్రసక్తి ఉన్నది. డబ్బిచ్చి కడుపునిండా తినే ఏర్పాటు కాకతీయుల నగరంలో ఉండేదని దానివలన తెలుస్తున్నది. గురజాడవారి కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ ఎంత ప్రధానమైన పాత్రో శ్రోతలకు వేరే చెప్పనక్కరలేదు. ఆ నాటకం విజయనగరంలో మొదట ప్రదర్శింపబడినది 1892లో. ఇక డబ్బు పుచ్చుకోని బస సత్రం. రాజులు, జమీందారులు, వర్తకులు పుణ్యం కోసం కట్టించినవి కొన్ని. పేరు కోసం కట్టించినవి కొన్ని. విశాఖలో కలెక్టరు టర్నరు పేరిట వెలసిన టర్నరు సత్రం అటువంటిది. సింహాచలం వెళ్ళే యాత్రికునికి, కోర్టు పనిమీద వచ్చిన రైతుకు ఈ సత్రాలే దిక్కు.

సత్రం కూడా లేనిచోట గృహస్థుని అరుగు ఉండేది. గోదావరి పాయల నడుమ లంకల గన్నవరంలో కాపురమున్న డొక్కా సీతమ్మగారు 1841లో పుట్టి 1909లో పరమపదించినారు. ఏటిని దాటి వచ్చిన బాటసారి ఏ వేళ తలుపు తట్టినా ఆమె అన్నం పెట్టేవారు. ఆమె కీర్తి విని ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకోత్సవానికి ఆహ్వానం పంపితే, అన్నం పెట్టేవేళ ఇల్లు విడిచి రాలేనన్నారని నేటికీ కోనసీమలో చెప్పుకుంటారు. లంక అంటే దీవియే. ఏటిలో వరద వచ్చినప్పుడు దీవిలో చిక్కుకున్నవానికి విడిది ఎంత అవసరమో ఎరిగిన ఊరిలోనే అటువంటి ఇల్లు వెలిసిందంటే ఆశ్చర్యం లేదు.

బసను గురించి తెలుగులో మొదట శ్రద్ధగా వ్రాసినవారు ఏనుగుల వీరాస్వామయ్యగారు. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా పనిచేసిన ఆయన 1830 మే నెలలో కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరినారు. పోవునప్పుడు హైదరాబాదు, నాగపూరు మీదుగాను, వచ్చునప్పుడు కలకత్తా, జగన్నాథం చూచుకొని మన తీరం వెంబడిగాను ప్రయాణం సాగింది. ఆయన వ్రాసిన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. అందులో గుళ్ళు, గోపురాలు మాత్రమే ఉంటవని అనుకునేవారు పొరపాటు పడినట్టే. ఒక్కొక్క మజిలీలో నీరు మంచిదా కాదా, అంగళ్ళు ఉన్నవా, డేరా వేయడానికి చెట్ల నీడ ఉన్నదా, సత్రం ఉన్నదా, దారి రాతినేలా ఇసుకా అన్నది ఆయన మరువక వ్రాసినారు. తరువాత వచ్చేవానికి ఉపయోగపడాలన్న తలంపు ఆ పుస్తకం అంతటా కనబడుతుంది. మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీ మజిలీ కథలలో ఒక్కొక్క మజిలీకి ఒక్కొక్క కథ దొరుకుతుంది. వీరాస్వామయ్యగారి గ్రంథంలో ఒక్కొక్క మజిలీకి ఒక్కొక్క నుయ్యి దొరుకుతుంది. మొదటిది లేకపోయినా రాత్రి గడుస్తుంది. రెండవది లేకపోతే గడవదు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఇంత పొడవైన తీరం ఉన్నా, అలల అంచున నిద్రించాలనే కోరిక మన పూర్వులకు ఉన్నట్టు కనబడదు. సముద్రస్నానం చేసేవారు. మాఘ పౌర్ణమినాడు కుటుంబాలతో వచ్చి మునిగి, పొడిబట్టలు కట్టుకొని, పొద్దెక్కేలోగా తిరిగి వెళ్ళేవారు. చేపలు పట్టే కుటుంబాలు సైతం తెప్పలను ఒడ్డున ఉంచి, ఇళ్ళను సాధ్యమైనంత వెనుకకు, మెరకకు కట్టుకునేవారు. దీనికి అందం తెలియకపోవడం కారణం కాదు. తుఫాను తెలిసి ఉండడం కారణం.

1839 నవంబరులో కోరంగి మీద ఉప్పెన విరుచుకుపడి, ఓడలకు పేరుపడిన ఆ రేవును తుడిచిపెట్టింది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి మచిలీపట్టణం మీదికి సముద్రం వచ్చింది. ఆ ఒక్క రాత్రి ముప్ఫైవేలమంది చనిపోయినారని లెక్క కట్టినారు. మళ్ళీ 1977 నవంబరు 19న దివిసీమ. దివి అన్న మాటకే దీవి అని అర్థం. కృష్ణానది పాయల మధ్య ఉన్న ఆ సీమలో ఆనాడు వేలాది ప్రజలు, లక్షలాది పశువులు ఉప్పెన పాలైనారు. ఈ మూడూ నవంబరు నెలలోనే వచ్చినవి. మన తీరంలో ఊళ్ళు ఎక్కడ ఉన్నవి, ఎక్కడ లేవు అన్నదానికి ఈ రాత్రులే చాలా వరకు సమాధానం చెబుతవి. ఒడ్డున ఖాళీగా ఉన్న ఇసుకను చూచి, ఇంత చక్కని చోట ఎవ్వరూ ఇల్లు కట్టుకోలేదేమని అనుకునేవారు, ఆ చోటు ఎందుకు ఖాళీగా ఉన్నదో ఒకసారి ఆలోచించడం మంచిది.

సముద్రం ఒడ్డున విశ్రాంతి అనే భావం మనకు పడమటినుంచి వచ్చింది. అక్కడ కూడా అది మరీ పాతది కాదు. ఇంగ్లండులో రిచర్డు రస్సెల్ అనే వైద్యుడు 1750 ప్రాంతంలో ఒక గ్రంథం వ్రాసి, సముద్రజలం గ్రంథుల వ్యాధులకు మందని ప్రచారం చేసినాడు. త్రాగమన్నాడు, అందులో మునగమన్నాడు. 1753లో బ్రైటన్ అనే జాలరి పల్లెలో తనకూ, తన రోగులకూ ఒడ్డుననే ఇల్లు కట్టినాడు. అంతకు పూర్వం అక్కడి జాలరులు కూడా మన జాలరుల వలెనే సముద్రానికి వీపు పెట్టి ఇళ్ళు కట్టుకునేవారట. రోగులు వచ్చినారు, వారి వెంట బంధువులు వచ్చినారు, వారి తరువాత రాజకుమారుడే వచ్చినాడు. మందుగా మొదలైనది క్రమంగా వినోదమైంది. ఆ అలవాటు దొరలతో పాటు ఓడలెక్కి అన్ని ఖండాలకు ప్రాకింది. హవాయి దీవులలోని వైకికి ఒడ్డున మోనా హోటలు తెరచినది 1901లో. ఉష్ణమండలపు దీవి అనగానే కొబ్బరిచెట్టు, వెల్లయిసుక, వరండాలో కుర్చీ అనే చిత్రం లోకానికి ఏర్పడింది అటువంటి హోటళ్ళ మూలంగానే.

విశాఖలో ఈ కథ వాల్తేరు మెరకమీద మొదలైంది. కోట, పాతపట్నం ఇరుకుగాను, ఉక్కగాను ఉన్నవని దొరలు ఉత్తరంగా జరిగి, గాలి ఆడే ఎత్తుచోట తోటలు, బంగళాలు కట్టుకున్నారు. రేవు దగ్గరి చిన్నకొండ మీద 1864లో రాస్ అనే ఆయన ఒక ఇల్లు కట్టుకున్నాడు. మచిలీపట్టణం మునిగిన సంవత్సరం కూడా అదే. తరువాత ఆ ఇల్లు ప్రార్థనామందిరమైంది. కొండకు మాత్రం ఆయన పేరు నిలిచి రాస్ హిల్ అయింది. విశ్రాంతి కోసం కట్టిన ఇంటిలో తరువాత ఎందరో మోకరిల్లి మనశ్శాంతి పొందినారన్నమాట.

1893 మొదలు 1896 లోపల బెజవాడనుంచి కటకం వరకు తూర్పుతీరపు రైలుమార్గం పడింది. కొద్ది సంవత్సరాలలో కలకత్తాకు సంబంధం కలిసింది. అప్పటినుంచి బంగాళీ కుటుంబాలు గాలిమార్పు కోసం వాల్తేరుకు రావడం ఆరంభించినవి. జ్వరపడి లేచినవారు, పరీక్షలు వ్రాసి అలసినవారు, ముసలి తల్లిదండ్రులు. నెలకో, రెండు నెలలకో ఇల్లు అద్దెకు తీసుకొని, వంటమనిషిని వెంట తెచ్చుకొని కాపురముండేవారు. ఇది సత్రపు బసా కాదు, హోటలు బసా కాదు. ఊరిలో ఇరుగుపొరుగువారుగా కలిసిపోయే బస. జయపుర మహారాజావారు 1917 నుండి 1923 వరకు ఒడ్డున హవామహలు కట్టించినారు. గాలి మేడ అని పేరు పెట్టడంలోనే ఆ కాలపు వైద్యవిశ్వాసం ఉన్నది.

ఆ కాలమంతా యారాడ మాత్రం కొండ వెనుకనే ఉండిపోయింది. పట్నవాసులకు కొండకు ఇవతలి ముఖమే తెలుసు. గోడే వెంకట జగ్గారావుగారు 1840లో విశాఖలో సొంతంగా నక్షత్రశాల నెలకొల్పిన జ్యోతిశ్శాస్త్రవేత్త. కాలం తెలియజేయడానికి ఆ కొండమీద జెండాస్తంభం నిలిపించిన ఘనత వారిది. ఓడలవారు, ఊరివారు దానిని చూచి గడియారాలు సరిచేసుకునేవారు. తరువాత రేవు నిర్మాణం వచ్చింది. కొండకొమ్ముకూ పట్నానికీ మధ్య కాలువను లోతుగా త్రవ్వినారు. అలల తాకిడి ఆపడానికి జానస్, వెల్లెడ్‌సన్ అనే రెండు పాత ఓడలను రాళ్ళతో నింపి కొండ దాపున ముంచినారు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ లోపలికి వచ్చింది. అదే సంవత్సరం డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు రేవును లాంఛనంగా ప్రారంభించినారు. ఓడలకు దారి ఏర్పడింది. ఆ దారే కొండకూ పట్నానికీ నడుమ నీటి కందకమైంది. కళ్ళెదుట కనబడే కొండకు చుట్టు తిరిగి వెళ్ళవలసి వచ్చింది. యారాడ సగం దీవిగా కనబడడానికి ప్రకృతి కొంత కారణమైతే, ఇంజనీర్లు కొంత కారణం. 1957లో కొండమీద దీపస్తంభం వెలిగింది. దూరదేశపు నావికులకు కూడా ఆ చోటు గుర్తయింది; ఊరిలోని సందర్శకులకు మాత్రం ఇంకా చాలాకాలం గుర్తు కాలేదు.

ఈ సందర్భంలోనే మరొక దీవిని తలచుకోకుండా ఉండలేము. హిందూమహాసముద్రంలో మారిషస్ ఉన్నది. నేడు సెలవులకు అక్కడికి వెళ్ళేవారు ఏ ఒడ్డున దిగాలి, ఏ గదిలోనుంచి సూర్యాస్తమయం బాగా కనబడుతుంది అని ఎంతో ఆలోచిస్తారు. 19వ శతాబ్దంలో మన గోదావరి, విశాఖ, గంజాం ప్రాంతాలవారు చెరకుతోటల కూలికి ఒప్పందం వ్రాసి అదే దీవికి వెళ్ళినారు. కోరంగి రేవున ఓడ ఎక్కినవారు గనుక అక్కడ తెలుగువారికి కోరంగీలు అనే పేరు వచ్చింది. పోర్టు లూయీ రేవులో దిగగానే వారిని వలసకూలీల శిబిరంలో ఉంచేవారు. 1849లో కట్టిన ఆ శిబిరానికి నేడు ఆప్రవాసీ ఘాట్ అని పేరు. ఒడ్డునుంచి పైకి వెళ్ళే రాతిమెట్లు ఇంకా ఉన్నవి. పేరు వ్రాయించుకొని, ఒకటి రెండు రాత్రులు అక్కడ గడిపి, ఏ తోటకు కేటాయిస్తే ఆ తోటకు నడిచేవారు. 1834 మొదలు 1920 లోపల దాదాపు అయిదు లక్షలమంది భారతీయులు ఆ దీవిలో దిగినారు. 2006లో యునెస్కో వారు ఆ మెట్లను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించినారు. ఎక్కడ దిగాలి అన్న ప్రశ్న తమను ఎవ్వరూ అడగని తెలుగువారు ఆ మెట్లమీద నడిచినారు. ఈనాడు మనం ఆ ప్రశ్న వేసుకోగలుగుతున్నామంటే అది చిన్న భాగ్యం కాదు. భాగ్యం కలిగినవారు దానిని కొంత బాధ్యతతో వాడుకోవాలి.

మా అనుభవం ఒకటి మనవి చేస్తాము. కొన్ని సంవత్సరాల క్రిందట మాఘ పౌర్ణమి సముద్రస్నానాన్ని ధ్వనిముద్రణ చేయడానికి మేము ముగ్గురం ముందురోజు సాయంకాలమే యారాడ చేరినాము. తెల్లవారుజామున జనం వచ్చే సందడిని మొదటినుంచి పట్టుకోవాలని మా ఉద్దేశం. ఊరిలో ఒక ఇంట విడిది ఇస్తామన్నారు. మేము మాత్రం వెన్నెలను, ఇసుకను చూచి మురిసిపోయి, అలలకు నూరడుగుల దూరంలో పక్కలు పరచుకున్నాము. యంత్రం పెట్టెను తలాపున పెట్టుకున్నాము. వల భుజాన వేసుకొని పోతున్న ఒక ముసలి జాలరి ఆగి మావంక చూచినాడు.

“బాబూ, ఈడ తొంగోకండి. ఇది గంగమ్మ నడిసే దారి” అన్నాడు.

“నీళ్ళు చాలా దూరంగా ఉన్నవి గదా, తాతా?” అన్నాము.

“ఇప్పుడు దూరమే. పున్నమి పోటు ఇంకా రావాల. ఆ సెత్త సూడండి, నిన్నరేతిరి అక్కడిదాకా వచ్చింది” అని మా వెనుకకు చేయి చూపినాడు.

మేము తిరిగి చూచినాము. మా పక్కలకు పది పదిహేనడుగులు వెనుకగా, ఇసుకమీద ఎండుపుల్లలు, నాచు, కొబ్బరిపీచు ఒక గీత గీసినట్టు వరుసగా పడి ఉన్నవి. ముగ్గురం చదువుకున్నవాళ్ళమే. ఆ గీతను దాటి వచ్చి పక్కలు పరచిన మాలో ఒక్కరికీ అది కనబడలేదు. సిగ్గుపడి సామాను ఎత్తుకొని, ఆ ముసలివాని వెంట ఊరిలోకి నడిచినాము. రాత్రి తొమ్మిది గంటల వేళ ఒకసారి వచ్చి చూస్తే, మేము పడుకొని ఉండవలసిన చోట నురుగు తిరుగుతున్నది. ప్రాణం పోయి ఉండేదని అనము. యంత్రం పోయి ఉండేది, కార్యక్రమం పోయి ఉండేది, నిద్రలో లేచి చీకటిలో ఎటు పరుగెత్తి ఉండేవాళ్ళమో చెప్పలేము. మరునాటి ఉదయం వందలాది కంఠాలతో, అలల మోతతో ఆ ధ్వనిముద్రణ చక్కగా వచ్చింది. ఆ ముసలివాని మాట మాత్రం అందులో లేదు. ఆయన మాట్లాడినప్పుడు మా యంత్రం పెట్టెలో ఉన్నది.

ఆ రాత్రి తరువాతనే మేము వీరాస్వామయ్యగారి మజిలీలను క్రొత్త కన్నుతో చదివినాము. ఆయన అడిగిన ప్రశ్నలే ఒడ్డున బస వెదికేవారు నేటికీ అడగవలసినవి. మొదటిది నీరు. సముద్రపు ఒడ్డున, దీవులలో భూమి క్రింద వాననీరు ఉప్పునీటిమీద తేలుతూ ఉంటుంది. సముద్రమట్టానికి పైన ఒక అడుగు మేర మంచినీరు నిలిస్తే, దిగువన రమారమి నలభై అడుగుల వరకు మంచినీరు ఉంటుందని శాస్త్రజ్ఞుల సూత్రం. జర్మనీలో హెర్ట్స్‌బెర్గ్ అనే ఆయన 1901లో ఈ సంగతిని వివరించినది స్నానాలకు పేరుపడిన ఉత్తరసముద్రపు దీవుల నీటి సరఫరాను పరిశీలిస్తూనే. దీని తాత్పర్యం సులభం. పైన ఒక అడుగు నీటిని అతిగా తోడివేస్తే క్రింద నలభై అడుగులు పోతుంది, నుయ్యి ఉప్పుబారుతుంది. అతిథి నాలుగు రోజులుండి వెళ్ళిపోతాడు, ఉప్పునీరు ఊరివారికి మిగులుతుంది. కనుక బసను ఎంచేటప్పుడు గదిలో స్నానపు తొట్టె ఎంత పెద్దదని కాక, ఆ నీరు ఎక్కడినుంచి వస్తున్నదని అడగాలి.

రెండవది గాలి. పగలు నేల వేడెక్కి సముద్రపు గాలి లోపలికి వీస్తుంది. రాత్రి నేల త్వరగా చల్లారి గాలి నేలమీదినుంచి సముద్రంవైపు తిరుగుతుంది. సముద్రంవైపు మాత్రమే కిటికీ ఉన్న గది పగలు హాయిగా ఉండి, రాత్రి ఉక్కపోస్తుంది. యారాడవంటి చోట కొండవైపు కూడా కిటికీ ఉన్న ఇల్లు మేలు. మూడవది మెరక. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీదనే తీరం దాటింది. గంటకు రమారమి 180 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి కొండలమీది పచ్చదనం ఒక్క పూటలో మాడిపోయినట్టయింది. గాజు తలుపుల గొప్ప మేడలలో కంటె గట్టిగోడల చిన్న ఇళ్ళలోనే ఆ రోజు ధైర్యంగా ఉన్నవారు ఎక్కువ. 1991లో కేంద్ర ప్రభుత్వం తీరప్రాంత నియంత్రణ ప్రకటన చేసి, పోటుగీతనుంచి అయిదువందల మీటర్ల వరకు కట్టడాలకు నిబంధనలు పెట్టింది. 2011లోను, 2019లోను వాటిని సవరించినారు. కొన్నిచోట్ల దూరాలు తగ్గించినారు. అయితే చట్టం వెదికే పోటుగీత ఏది? ఆ ముసలి జాలరి మాకు చూపిన ఎండుపుల్లల గీతకు పెద్ద చుట్టమే అది. శాసనం ఒక మాట అంటే, సముద్రం మరొక మాట అనవచ్చు. దూరం తగ్గించే అధికారం కాగితానికి ఉన్నా, అలకు ఆ కాగితం చదివే అలవాటు లేదు.

నాలుగవది సముద్రంలో దిగడం. యారాడ ఒడ్డు చూపులకు ఎంత చల్లనిదో, నీటిలో అంత కఠినం. ఒడ్డున విరిగిన నీరు ఒకచోట కూడుకొని వేగంగా లోపలికి లాగుతుంది. ఈత వచ్చినవారు సైతం దానికి ఎదురు ఈది అలసిపోయి మునిగిన సందర్భాలు ఉన్నవి. సెలవులకు నవ్వుతూ వచ్చిన పిల్లవాని కోసం తల్లిదండ్రులు ఒడ్డున ఎదురుచూచే దృశ్యం ఏ ఊరికీ వద్దు. ఆ లాగుడులో పడినవారు ఒడ్డువంక కాక, ఒడ్డుకు సమాంతరంగా ఈది బయటపడాలని తెలిసినవారు చెబుతారు. అంతకంటె మంచిది, ఎక్కడ దిగవచ్చునో ఊరివారిని అడిగి, వారు వద్దన్న చోట దిగకపోవడం.

అడగడం అనే ఈ చిన్నపని దగ్గరనే మన చరిత్ర అంతా వచ్చి నిలుస్తున్నది. సత్రంలో దిగిన బాటసారి సత్రాధికారిని అడిగేవాడు. వాల్తేరుకు గాలిమార్పు కోసం వచ్చిన కుటుంబం ఇరుగుపొరుగును అడిగేది. నేటి సందర్శకుడు గది చిత్రాన్ని ముందే చూచి, డబ్బు ముందే కట్టి, ఎవరినీ ఒక్క మాట అడగకుండా వచ్చి, ఒక్క మాట అడగకుండానే వెళ్ళిపోగలుగుతున్నాడు. సౌకర్యం పెరిగింది, సందేహం లేదు. కులాన్ని బట్టి అరుగు చూపే పాత సత్రాలకంటె, డబ్బు చూపితే తలుపు తెరచుకునే హోటలు కొందరికి గౌరవాన్ని కూడా ఇచ్చింది. దానిని మేము తక్కువ చేయము. అయితే ఒడ్డున పడ్డ గీతను చూపేవారు ఒకరు కావాలి. ఆ ఒకరు ఏ గదిలోను ఉండరు, ఊరిలో ఉంటారు.

కనుక ఈ సెలవులకు సముద్రానికి వెళ్ళదలచిన శ్రోతలు, అది యారాడ కానివ్వండి, భీమునిపట్టణం కానివ్వండి, మారిషస్ కానివ్వండి, అలలు ఎంత దగ్గరగా కనబడుతవని అడగడానికి ముందు, ఆ ఊరివారు ఎక్కడ పడుకుంటారో చూడవలసిందిగా కోరుతున్నాము. వారి ఇళ్ళకు ముందు కాక, వారి ఇళ్ళ వరుసలో మీ విడిది ఉంటే రాత్రి నిశ్చింతగా నిద్రపోవచ్చును. తెల్లవారిన తరువాత సముద్రం ఎక్కడికీ పోదు. పది అడుగులు ఎక్కువ నడిస్తే చాలు, అది అక్కడనే ఉంటుంది.